ఇక్కడ నోటితో

స్క్రిప్టు నూట పదకొండో పేజీలో రెండే మాటలున్నాయి. "ఇక్కడ నోటితో." మిగతా పేజీ అంతా ఖాళీ. ఆ సీను మధ్యాహ్నం రెండింటికి తీస్తారని పొద్దున తొమ్మిదింటికి అసిస్టెంటు పిల్ల చెప్పి వెళ్ళింది. అప్పటినుంచి నా చేతిలో సుత్తి నిలవడం లేదు.

ఈ సినిమాకి నేను వడ్రంగిని. అసలు దీన్ని నీగటాలో తియ్యాలి. ఈ ఏడు అక్కడ మంచు సరిగా పడక, పది రోజుల కిందట యూనిట్ మొత్తాన్ని అకితా కొండల్లోకి తోలారు. అకితా కొండల్లో ఇన్ని ఊళ్ళుండగా, మునిసిపాలిటీ వాళ్ళు ఖాళీ ఇల్లొకటి ఉత్తినే ఇస్తామన్నారని మా ఊరే దొరికింది. చూరుదాకా మంచు పేరుకున్న ఆ ఇంటికి నిచ్చెన ఆనించే పని నాదే. కెమెరాకి ఇరవై అడుగుల దూరంలో, అదే వాకిట్లో, ఊరి మహిళా సంఘం వాళ్ళు పొయ్యి పెట్టి యూనిట్ అందరికీ పంది మాంసమూ ముల్లంగీ వేసి, పులియబెట్టిన సోయా ముద్ద కలిపి మిసో చారు కాస్తున్నారు. గరిటె పట్టుకున్నది నా చెల్లెలు మిత్సుయొ.

ఆ ఖాళీ పేజీలో రావలసిన మాట ఆమె చెవిన పడకూడదు. ఆ రోజుకి నాకు కావలసిందల్లా అదొక్కటే.

మినాగి ఫుయుకో పేరు మీరు పేపర్లో చూసే ఉంటారు. మొదట నాటకాలు, తరవాత నవలలు, ఇప్పుడు సినిమాలు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడే మునుగుతాడు, ఈవిడ మూడు పడవల మీద నిలబడిందని పొగుడుతుంటారు. ఆ పడవల అడుగున చిల్లులు పూడ్చింది ఎవరో ఎవరూ రాయరు. నేనెరిగిన మినాగి గారు టోక్యోలో బట్టలుతికే దుకాణం పైన ఒక గదిలో ఉండేది. తొంభై ఎనిమిదిలో ఆ గదిలో మేం ఆరుగురం. పగలు నేను పరంజాలు కట్టేవాణ్ణి, సాయంత్రం నాటకం. ఆవిడ నాటకం రాసేది కాదు, చెప్పేది. ఎదురుగా నిలబడి ఒక మాట అనేది. మనం తిరిగి అనాలి. నోట్లో కుదరకపోతే అక్కడికక్కడ మార్చేది. కుదిరిందా, అదే నాటకం. కాగితం లేదు. తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, చదవమంటే చెమటలు పట్టేవాణ్ణి. అలాంటి నన్ను ఆవిడ హీరోని చేసింది. ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ గదిలో నియమం ఒక్కటే. నోట్లోంచి వచ్చిన మాట నాటకానిది. వెనక్కి తీసుకోవడం లేదు.

ఒక రోజు ఆవిడకి మాట దొరకలేదు. చనిపోయిన తండ్రితో కొడుకు మాట్లాడే ఘట్టం. గంటసేపు గదిలో అటూ ఇటూ తిరిగి నా ముందు ఆగింది. "నువ్వు చెప్పు త్సునె. వీడు ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది ఏముంటుంది?" అంది.

చెప్పాను. ఎందుకు చెప్పానంటే, కాగితం లేనిచోట ఏం చెప్పినా ఆఖరి ఆటతో గాలిలో కలిసిపోతుందనుకున్నాను. అరవై కుర్చీల హాలు, పదకొండు ఆటలు. మా ఊరినుంచి ఒక్కడూ రాలేదు. జనం కళ్ళు తుడుచుకున్నారు, నాటకం అయిపోయింది. నా మీదనుంచి ఏదో బరువు దిగినట్టే అనిపించింది.

పన్నెండేళ్ళ తరవాత ఆ నాటకాన్నే ఆవిడ టేపురికార్డర్లోకి చెప్పి నవల చేసింది. పెద్ద బహుమతి వచ్చింది. నా మాట రావలసిన చోట ఒక పేజీ ఖాళీగా వదిలేసింది. ఆ ఖాళీ మీద విమర్శకులు పుటలు పుటలు రాశారు. మౌనమట. మౌనమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. "అది చేత్తో రాసేది కాదు, నీ నోటిది" అని ఆవిడ నాతో అంది. బతుకు జీవుడా అనుకున్నాను. నవలని మిత్సుయొ చదివింది కూడా. "మీ మేడం పుస్తకంలో ఒక పేజీ అచ్చు పడలేదన్నియ్యా, ఎనక్కిచ్చీమంటావా?" అని ఫోన్లో అడిగింది.

సినిమాలో ఖాళీ పేజీ ఉండదు. కెమెరా ముందు ఎవడో ఒకడు నోరు తెరవాలి.

ఇక ఆ మాట సంగతి. మా నాన్న పోయింది తొంభై ఒకటి ఫిబ్రవరిలో. నాకు పదహారు, చెల్లికి పదమూడు. అమ్మ అంతకుముందే పోయింది. నేను రంపపు మిల్లులో పని చేసేవాణ్ణి. టోక్యో పారిపోదామని సర్దుకున్న సంచి ఆ పొద్దున నాన్నకి దొరికింది. చెల్లి ముందే చెంప పగలగొట్టాడు. తరవాత ఏమీ జరగనట్టు పార పట్టుకుని, పైకప్పు మీది మంచు తొయ్యడానికి ఎక్కాడు. నిచ్చెనని స్తంభానికి తాడుతో కట్టడం మా ఇంట్లో చెల్లి పని. కట్టి అది బడికి పోయింది. నేను ఆ తాడు విప్పి నిచ్చెన తీసి మంచులో పడేశాను. సాయంత్రందాకా అక్కడే ఉండు, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. స్టేషన్‌కి పోయి రైళ్ళ బోర్డు చూస్తూ డబ్బా కాఫీ తాగాను. తిరిగొచ్చేసరికి కప్పు మీద మంచు సగం లేదు. నాన్నా లేడు. ఎదురింటివాళ్ళని పిలిచి అందరం తవ్వాం.

దిగబోతే నిచ్చెన జారిపోయి, కప్పు మీది మంచుతో సహా పడి కూరుకుపోయాడన్నారు. బడినుంచి పిలిపించి చెల్లిని అడిగారు, ముడి వేశావా అని. వేశానంది. పోలీసు వచ్చి అడిగాడు. వేశాననే అనుకుంటున్నానంది. రాత్రి మేనమామ అడిగాడు. తెలీదంది. మూడుసార్లూ నేను అక్కడే నిలబడి ఉన్నాను.

చెల్లికి ఇప్పుడు నలభై ఏడు. ఊళ్ళో క్షౌరశాల నడుపుతుంది. షాపు మూసి సగం దూరం వెళ్ళి, తాళం వేశానో లేదోనని వెనక్కి వస్తుంది. ఆ నడక చూసి ఊరంతా నవ్వుతుంది. నేను నవ్వలేదు, అంతే నేను చేసిన పుణ్యం.

పదకొండింటికి మినాగి గారిని పట్టుకున్నాను. వ్యాన్ మెట్టు మీద కూర్చుని అన్నం ముద్ద తింటోంది. యాభై ఆరేళ్ళొచ్చినా గంజి పెట్టినట్టు నిటారుగా ఉంటుంది మనిషి.

"రెండింటి సీను మార్చండి" అన్నాను.

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. టోక్యోలో సెట్టేద్దాం. కప్పు నేను కడతాను, మంచు కూడా నేనే చేసిపెడతాను."

"ఉప్పుతోనా, దూదితోనా?" అని నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ముద్ద పక్కన పెట్టింది. "ఆవిడ నీ చెల్లెలు కదూ, ఆ చారు కాసే ఆవిడ."

"మీకు తెలుసా?"

"ఇరవై ఆరేళ్ళ కిందటే తెలుసు త్సునె. స్నేహితుడి కథ అని చెప్పావు. స్నేహితుడి కథ చెప్పేటప్పుడు ఎవరికీ మోకాళ్ళు వణకవు."

"మరి తెలిసీ ఇక్కడికి తెచ్చారా?"

"మంచు తెచ్చింది. నేను కాదు."

ఇలాంటి మాటలకే ఆవిడకి బహుమతులిస్తారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "కనీసం ఆడాళ్ళని బయటికి పంపండి" అన్నాను.

"ఎలా పంపను? ఊరివాళ్ళు వెనక నిలబడి చూస్తారు, అది షాట్‌లో ఉంది. ఆవిడ పేరు లిస్టులో ఉంది. మొన్న జుట్టు కూడా తనే దువ్వుకుని ఫోటో ఇచ్చింది." చెయ్యి కోటుకి తుడుచుకుని లేచింది. "ఇంకో సంగతి. మన హీరో తొమొనోకి ఆ మాట నేను చెప్పను. నువ్వు చెప్పాలి, వాడు అనాలి. నేను చెప్తే అది సాహిత్యం అయిపోతుంది."

"నేను చెప్పను."

"సరే. చెప్పకపోతే, వాడి నోటికి ఏదొస్తే అదే ఉంచుతాను. వాడు నవల చదివాడు. ఆ ఖాళీలో ఏముందో వాడికి ఒక ఊహ ఉందట. తండ్రిని తోసేశాడని."

ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు. ఆ రోజూ పెంచలేదు.

పొయ్యి దగ్గరికి వెళ్ళాను. మిత్సుయొ తలకి తువ్వాలు చుట్టుకుని పెద్ద కుండలో ముల్లంగి కలుపుతోంది. పక్కన కికు పిన్ని, ఎనభై నాలుగేళ్ళు, పెట్టె మీద కూర్చుని ఉల్లికాడలు తరుగుతోంది. నాన్న పోయిన రోజు పారలు పట్టుకుని ముందు పరిగెత్తుకొచ్చింది ఆవిడా, ఆవిడ మొగుడూ.

"మిత్సుయొ, షాపుకెల్లి పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ తే. హీరో అడుగుతున్నాడు" అన్నాను. ఊరొస్తే నా నోరు ఊరి నోరైపోతుంది.

"నాలుగు డబ్బాలు తెచ్చీసినాం. నీ కాళ్ళ కాడే ఉన్నాయి. కళ్ళు టోక్యోలో ఒగ్గేసి వొచ్చినావేటి?"

"అయితే కాసేపు ఇంటికెల్లి పడుకో. పొద్దుట్నించి నిలబడే ఉన్నావు."

"సూడు పిన్నీ, ముప్ఫై ఏళ్ళకి అన్నియ్యకి నా కాళ్ళు గుర్తొచ్చినాయి" అంది. ఆడాళ్ళందరూ నవ్వారు. "నన్నెల్లగొట్టాలని సూస్తన్నావు కదూ? నా మొకం సినిమాలో పడితే నీ సినిమాకి దిష్టి తగుల్తాదా?"

"అది కాదే."

"మరేటి? కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నావు. కూకుని ఓ గిన్నెడు తాగు."

గిన్నె చేతిలో పెట్టింది. వేడి వేడి చారు. ఆమె చూడకుండా మంచులో పారబోశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నేను ముప్ఫై నాలుగేళ్ళు పొట్ట గట్టిగా పట్టుకుని తిరిగాను, చేతులు రెండూ దానికే సరిపోయాయి.

రెండింటికి అందరినీ నిలబెట్టారు. నిచ్చెన లేని ఖాళీ కప్పు, దాని ముందు తొమొనో అకిహితొ. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, టీవీ తార. మంచివాడే. నన్ను చూడగానే నడుము వంచి, "ఒయికావా గారూ, మీరు ఎలా అంటే అలాగే అంటాను. మీ ఊపిరితో సహా" అన్నాడు. వాడి వెనక పదిహేను అడుగుల్లో ఊరి జనం. ముందు వరసలో కికు పిన్ని, ఆవిడ మోచెయ్యి పట్టుకుని మిత్సుయొ. గరిటె కింద పెట్టడం మరిచిపోయి చేత్తోనే పట్టుకొచ్చింది.

నేను కెమెరాకి ఈ పక్కన, వాడికి ఎదురుగా నిలబడ్డాను. మినాగి గారు నా భుజం వెనక. మొదటిసారి చెప్పిందే అన్నిటికన్నా బతికుంటుందని, ఆవిడ నోటిపాఠం మొదలవ్వగానే కెమెరా తిప్పేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఎర్రదీపం వెలిగింది.

"నాన్నా, దిగు" అన్నాను.

"నాన్నా, దిగు" అన్నాడు వాడు, కప్పు వైపు చూస్తూ.

"ఇంక మంచు లేదు."

"ఇంక మంచు లేదు."

"టీ చల్లారిపోతోంది."

అదీ అన్నాడు. వెనక జనంలో ఎవరో ముక్కు చీదారు. తరవాతి మాట నా నాలుక మీదకి వచ్చి కూర్చుంది. పదకొండు ఆటలు అన్న మాట. మిత్సుయొ మెడ కాస్త ముందుకి చాచి, చిన్నపిల్లలా నోరు తెరిచి వింటోంది.

"నిచ్చెన జారిపోయింది" అన్నాను.

మినాగి గారి ఊపిరి నా చెవి వెనక ఆగింది.

"నిచ్చెన జారిపోయింది" అన్నాడు తొమొనో.

"చెల్లి ముడి వెయ్యలేదు."

ఆలోచించి అనలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఊరంతా అంటున్న మాట, నోటికి అలవాటైన దారి. కాలు జారితే నీళ్ళు పోయే వైపే పోతుంది మనిషి.

ఆవిడ ఆపుతుందనుకున్నాను. అసలు మాట ఆవిడకి తెలుసు. "అదేనా?" అని మెల్లగా అడిగింది.

"అదే" అన్నాను.

"సరే. తొమొనో, అను."

వాడు అన్నాడు. పాపిష్టివాడు, ఎంత బాగా అన్నాడో. కోపం లేకుండా, చెల్లిని ఎప్పుడో క్షమించేసిన అన్నలా అన్నాడు. "చెల్లి ముడి వెయ్యలేదు." కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నేను చెప్పిన అబద్ధం వాడి నోట్లో దయగా మారిపోయింది.

షాట్ నడుస్తుంటే మాట్లాడకూడదని కికు పిన్నికి నాలుగుసార్లు చెప్పారు. ఆవిడ మరిచిపోయింది. "నిజమే" అంది పక్కకి తిరిగి. "అలాగే అయింది ఆ రోజు. మన త్సునె సంగతే తీస్తన్నారే, మిత్సుయొ." తరవాత గరిటె పట్టుకున్న చేతిని నిమిరి, "పదమూడేళ్ళ పిల్లకేటి తెలుస్తాది. నిన్నెవరైనా ఏటైనా అన్నారా ఎప్పుడైనా?" అంది.

"అన్లేదు పిన్నీ" అంది మిత్సుయొ.

"అనరమ్మా. మన ఊరోళ్ళు మంచోళ్ళు."

"అవును పిన్నీ. నేనే ఎయ్యలేదు."

ముల్లంగి ధర చెప్పినట్టు అంది. ఏడవలేదు, ఏమీ లేదు. ఇన్నేళ్ళలో ఆ మాట అది అనగా నేను వినలేదు. పోలీసుకి అనలేదు, మామకి అనలేదు. తెలీదు అనేది, అంతే. ఆ తెలీదులో కాస్త సందు ఉండేది, ఆ సందులోనే అది ఇన్నాళ్ళూ ఊపిరి పీల్చింది. ఇప్పుడు ఆ సందు నేనే మూసేశాను. పైగా సినిమాలో పెట్టి దేశం అంతటా చూపించబోతున్నాను.

"తప్పు" అన్నాను.

"తప్పు" అన్నాడు తొమొనో. నా ఊపిరితో సహా అంటానన్నాడు కదా, మాట నిలబెట్టుకున్నాడు.

"అది కాదు."

"అది కాదు."

"నిచ్చెన జారలేదు. నేనే తీశాను."

"నిచ్చెన జారలేదు. నేనే తీశాను."

ఎవరూ నవ్వలేదు. వాడి ముఖంలో నటన పోయింది. వాడు నన్నే చూస్తున్నాడు, నా పెదాలు కదిలితే వాడి పెదాలు కదులుతున్నాయి. నేను ఒక్కసారి చెప్పి పారిపోదామనుకున్న మాట వాడి నోట్లోంచి రెండోసారి వాకిలంతా వినపడుతోంది.

"చెల్లి బడికి పోయాక తాడు విప్పాను. నిచ్చెన మంచులో పడేసి స్టేషన్‌కి పోయాను."

వాడు అన్నాడు. ఒక్క ముక్క వదలకుండా అన్నాడు.

కికు పిన్ని మిత్సుయొ చెయ్యి వదిలేసింది. మిత్సుయొ జనంలోంచి బయటికి వచ్చింది. కెమెరాకి అడ్డం వస్తోందని అసిస్టెంటు పిల్ల పరిగెత్తబోతే మినాగి గారు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. చెల్లి తొమొనోని దాటుకుని, నా ముందు ఒక మూర దూరంలో నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ముడి ఉందా?" అంది.

"ఉంది."

"గట్టిగా ఉందా?"

"రెండు ముడులు. వాటి మీద ఇంకోటి. తాడు గడ్డకట్టి ఉంది. వేళ్ళతో రాలేదే. పళ్ళతో పట్టి లాగాను. ఈ పన్ను చివర అప్పుడే ఇరిగింది."

నోరు తెరిచి చూపించాను. ఆమె నిజంగానే తల వంచి చూసింది, షాపులో గడ్డం గీసే ముందు మనిషి చర్మం చూసినట్టు. గరిటెలోంచి చారు చుక్క మంచులో పడి చిన్న గుంట చేసింది.

"మూడు ముడులు" అంది, తనలో తాను.

"మూడు."

"మామ ముందరే ఉన్నావు నువ్వు, ఆ రాత్రి."

"ఉన్నాను."

నా వైపు చూడటం మానేసి మినాగి గారి వైపు తిరిగింది. "అమ్మా, ఇది సినిమాలో ఉంటాదా?"

మినాగి గారు నాకు తెలిసి మొదటిసారి తడబడింది. "మీకు ఇష్టం లేకపోతే..."

"ఇష్టం సంగతి అడగలేదమ్మా. ఉంటాదా అని అడిగినాను. కింద టౌనులో సినిమా హాలుకొస్తాదా? మన ఊరోళ్ళు సూస్తారా?"

"చూస్తారు."

"మా మామ కొడుకులు ఒసాకాలో ఉన్నారు. ఆళ్ళూ సూస్తారా?"

"అక్కడా ఆడుతుంది."

"అయితే ఆ ముడుల మాట కూడా పెట్టించండి. పళ్ళ మాట కూడా. ఈ అబ్బాయి అది అన్లేదు. నేను లెక్కపెట్టుకుంటానే ఉన్నాను."

తొమొనో నా వైపు చూశాడు. మినాగి గారు కెమెరా అతనికేసి చూసింది, అతను తల ఊపాడు. ఎర్రదీపం ఆరలేదు. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. బట్టలుతికే దుకాణం పైగదిలో ఎలా అనేదో అలాగే, "చెప్పు త్సునె" అంది.

మిత్సుయొ వెనక్కి జనంలోకి పోలేదు. అక్కడే, నాకూ వాడికీ మధ్య, ఇద్దరి నోళ్ళూ కనపడేటట్టు నిలబడింది.

"మూడు ముడులున్నాయి" అన్నాను.

"మూడు ముడులున్నాయి" అన్నాడు.

"గట్టిగా సెప్పు" అంది మా చెల్లి. "ఎనకున్నోళ్ళకి ఇనపళ్ళేదు."